గస్ జేబులో కళ్ళజోడు

లొరెయిన్ పావ్లక్ ఇరవై రెండేళ్ళుగా అమెరికాలో ఎరీ అనే ఊళ్ళో బడి బస్సు తోలుతోంది. వయసు యాభై నాలుగు. బస్సు నిండా అరవై మంది పిల్లలు. పొద్దున లేచింది మొదలు ఆవిడ నోరు మూతపడదు. "కూర్చో. కిటికీలోంచి చెయ్యి తియ్యి. వాడి టోపీ వాడికిచ్చెయ్." ఆదివారం మధ్యాహ్నం మాత్రం నోటికి కళ్ళెం పెట్టించుకుని గుర్రమవుతుంది.

సరస్సు ఒడ్డున మూతపడ్డ స్కేటింగ్ హాలు ఒకటుంది. మనుషులే గుర్రాలై నడిచే ఆట కోసం అక్కడ కలుస్తాం, పద్నాలుగు మందిమి. కొందరు గుర్రాలు, కొందరు తోలేవాళ్ళు. అందరం పెద్దవాళ్ళమే, ఇష్టపడి వచ్చినవాళ్ళమే. కొందరికి ఇందులో పడకగది సంగతీ ఉంది, అది వాళ్ళ ఇంటి విషయం. హాల్లో ఉండేవి తోలు పట్టీలు, డెక్కల్లాంటి బూట్లు, క్యారెట్ ముక్కలు, మా హాలు పెద్ద నార్మా వండి తెచ్చే క్యాబేజీ చుట్టలు.

నేను మొదటిసారి వెళ్ళింది నవ్వుకోవడానికే. గిడ్డంగిలో పెట్టెలు మోస్తాను, ఖాళీ దొరికితే పుస్తకాలు చదువుతాను. రోజంతా నెత్తిమీద ఎవడో ఒకడి అరుపు. జీతం కోసం కాడి మోసేవాణ్ణి, ఊరికే కాడి మోసేవాళ్ళని చూసి నవ్వకపోతే ఎలా అనుకున్నాను. లొరెయిన్ నడక చూశాక నవ్వు రాలేదు. మోకాలు నడుము దాకా లేచి, ఒక్క క్షణం గాలిలో ఆగి, చెక్క నేల మీద చప్పుడు లేకుండా దిగేది. బస్సు మెట్లు దిగేటప్పుడు ఆవిణ్ణి మూలిగించే మోకాలే అది.

ఆవిణ్ణి తోలేవాడు గస్ టెన్నీ. డెబ్బై ఏళ్ళవాడు. ఒకప్పుడు నిజం గుర్రాలకి నాడాలు కొట్టిన చేతులు. పదకొండేళ్ళ జోడీ వాళ్ళది. ముందుగా ఆవిడ కళ్ళజోడు తీసిస్తే ఆయన చొక్కా జేబులో వేసుకునేవాడు. కళ్ళెం ఎక్కించి "క్లోవర్" అని గుర్రం పేరుతో పిలిచేవాడు. ఇక ఆవిడకి మాటల్లేవు. అవునంటే కాలితో నేలను ఒకసారి తట్టడం, కాదంటే రెండుసార్లు. మూడుసార్లు తడితే అన్నీ ఆగిపోవాలి. చివర్లో కళ్ళెం తీసి, "లొరెయిన్" అని పిలిచేవాడు. మా హాలు కట్టుబాటు అది. కళ్ళెం వేసిన చెయ్యే తియ్యాలి, వేసినవాళ్ళే పేరు పిలవాలి. ఆలోగా ఎవ్వరూ ఆ పేరు ఎత్తకూడదు.

ఫిబ్రవరిలో గస్‌కి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. లొరెయిన్ ప్రతి ఆదివారం ఆయన్ని చక్రాల కుర్చీలో తెచ్చి గోడ పక్కన కూర్చోబెట్టి, తను అందరికీ కాఫీ పోసేది. కళ్ళెం ముట్టుకోలేదు.

"ఎడం చెయ్యి బానే ఉందిగా. ఆయన్నే వెయ్యమనొచ్చుగా," అన్నాను ఒకరోజు.

"వేస్తాడు. తర్వాత నన్నెవరు పిలుస్తారు?"

"ఎవరు పిలిస్తే ఏంటి?"

"అన్నీ పుస్తకాల్లో చదివితే ఇంతే, ట్రెంట్. పిలవకపోతే నేను పూర్తిగా వెనక్కి రాను రా. ఓసారి మధ్యలో ఏదో ఫోనొచ్చి గస్ మర్చిపోయాడు. మూడు రోజులు పిల్లల అరుపులు అద్దం అవతల్నుంచి వినిపించినట్టుంది. అలా బస్సు తోల్తానా? అరవై మంది ప్రాణాలు!"

సెప్టెంబరులో నేను తోలతానన్నాను. ఆవిడ నా చేతుల్ని చాలాసేపు చూసి కళ్ళజోడు ఇచ్చింది. నాలుగు చుట్లు బాగానే సాగాయి. ఐదో చుట్టులో మలుపు దగ్గర బూటు జారింది.

"లొరెయిన్, జాగ్రత్త!" అని అరిచేశాను.

హాలంతా ఆగిపోయింది. ఆవిడ పడలేదు. నిలదొక్కుకుని మూడుసార్లు నేల తట్టింది. కళ్ళెం తీస్తే, నిద్రలో జుట్టు పట్టుకుని లేపినవాళ్ళ మొహంలా ఉంది. కట్టుబాటు ప్రకారం మళ్ళీ పేరు పిలిచాను. విరిగిన పాలలో పంచదార వేసినట్టయింది.

నార్మా గయ్యిమంది. "గాడిదా, గుర్రాన్ని తోలమంటే బస్సు డ్రైవర్ని పిలుస్తావేంట్రా!"

"పడిపోతుందేమోనని..."

"పడితే క్లోవర్ పడుతుంది, క్లోవరే లేస్తుంది. మధ్యలో నీదేం పోయింది?"

లొరెయిన్ నా చేతిలోంచి కళ్ళజోడు తీసుకుంది. "ఇక చాల్లే. ఈ సరంజామా ఎవరికైనా ఇచ్చేస్తా," అంటూ పట్టీలు విప్పబోయింది.

అప్పుడు గోడ దగ్గర్నుంచి వినిపించింది. టక్, టక్.

నాలుకతో చేసే చప్పుడు. నడవమని గుర్రాన్ని అదిలించేది. ఏడు నెలలుగా ఆ నోట్లోంచి ఏదీ రాలేదు. మాటలన్నీ ఎత్తుకుపోయిన జబ్బు, మాట కానిదాన్ని వదిలేసి పోయింది.

లొరెయిన్ కుడి మోకాలు దానంతటదే లేచింది.

గస్ ఎడం చెయ్యి చాచి ఉన్నాడు.

"పిలవలేవు కదా గస్," అంది ఆవిడ.

టక్, టక్. చెయ్యి దించలేదు.

ఆవిడ చివరికి వెళ్ళి, కళ్ళజోడు ఆ అరచేతిలో పెట్టి, ఆయన ముందు మోకరిల్లింది. దాన్ని జేబులో వేసుకుని, ఒంటి చేత్తో కళ్ళెం బిగించడానికి గస్‌కి కాఫీ చల్లారేంత సేపు పట్టింది. ఎవ్వరం సాయం వెళ్ళలేదు. వెళ్ళకూడదు.

పొడుగాటి పగ్గం తెచ్చి, కుర్చీని హాలు నడిమధ్యకి తోశాం.

"నువ్వు కుర్చీ తిప్పు. నోరు మాత్రం తెరిచావో, చూడు!" అంది నార్మా.

ఆవిడ చుట్టూ తిరుగుతోంది, నేను కుర్చీని ఆవిడతోపాటే తిప్పుతున్నాను. నా చేతిలో ఉన్నప్పుడు అది తాడు. ఆయన చేతిలో నరంలా ఉంది. వేలు కదిలితే నడక మారుతోంది. వేలు ఆగితే, లేచిన మోకాలు గాలిలోనే ఆగుతోంది. పై కిటికీల్లోంచి పడే ఎండలోకి వస్తోంది, పోతోంది. మాట లేని ఇద్దరు మనుషులు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇద్దరు ఇంతగా మాట్లాడుకోగా చూడలేదు.

గస్ పగ్గం లాగాడు. ఆవిడ వచ్చి మోకరిల్లింది. కళ్ళెం ఊడింది. ఇక పేరు మిగిలింది.

గస్ దవడ కదిలింది. నుదుట చెమట పట్టింది. ఏమీ రాలేదు. హాల్లో అందరి నాలుక మీదా ఆ పేరే, అందరి పెదాలూ బిగుసుకునే ఉన్నాయి. నేను నాలుక పళ్ళ మధ్య నొక్కిపట్టాను. ఆవిడ చూపు ఇంకా ఎక్కడో దూరంగా ఉంది.

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. కళ్ళజోడు తీసి, ఒక కాడ పళ్ళతో విప్పి, ఆవిడ ముక్కు మీద పెట్టాడు.

ఆవిడ ఆయన్నే చూసింది.

"తలకిందులుగా పెట్టావు, ముసలోడా," అంది.

నార్మా కళ్ళు తుడుచుకుంటూ, "పేరు పిలవందే చెల్లదు," అని గొణిగింది గానీ గట్టిగా అనలేదు.

ఆవిడ పూర్తిగా వెనక్కి వచ్చిందని నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. సోమవారం పొద్దున్నే, పనికి ఆలస్యమైనా సరేనని, ఆవిడ బస్సు వచ్చే మలుపులో నిలబడ్డాను. పసుపు బస్సు నెమ్మదిగా తిరిగింది. కిటికీలోంచి ఒక చిన్న చెయ్యి బయటికొచ్చింది.

"చెయ్యి లోపలికి తియ్యరా వెధవా!" వీధి చివరిదాకా వినిపించింది.