షిఫ్టు అప్పగించిన మామగారు

మామగారిలో కోడలు మొట్టమొదట గమనించిన గుణం నిద్ర. ప్రార్థన మొదలుపెట్టి, ఆమెన్ దాకా మెలకువగా ఉండడం ఆయన తన జన్మలో ఎరగడు. కాపురానికి వచ్చిన కొత్తలో భోజనం ముందు ఆయన కళ్ళు మూసుకుంటే, ఆమె భక్తిగా తల వంచుకుని కూర్చుంది. కూర చల్లారిపోయాక అత్తగారు మోచేత్తో పొడిచి, "ఆయన వెళ్ళిపోయారు, నువ్వు తిను," అంది. కోడలి గుండె జారిపోయింది. అప్పుడే గురక వినబడింది.

ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసిన మనిషాయన. ఆయన వేదాంతమంతా అక్కడే పుట్టింది. షిఫ్టు అయ్యాక పుస్తకంలో సంతకం పెట్టి, వచ్చినవాడికి బాయిలర్ అప్పగించాలి. అప్పగించాక మళ్ళీ మీటరు వైపు చూస్తే వచ్చినవాణ్ణి అవమానించినట్టే. దేవుడితోనూ అదే ఒప్పందం. "తండ్రీ, నా షిఫ్టు అయిపోయింది, ఇక నువ్వు చూసుకో" అనేవాడు, అంతే, గురక. చర్చిలో పాస్టరుగారు ఒకసారి ముగింపు ప్రార్థన ఆయన చేతికిచ్చారు. అది ముగియలేదు. మళ్ళీ ఇవ్వలేదు.

ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు కూడా ఆ గురక ఆగలేదు. పక్క గదిలో కొడుకూ కోడలూ అది విని, ఆయనే పడుకున్నాడంటే మనకేం భయమని దుప్పటి కప్పుకున్నారు. ఆ ఇంట్లో ధైర్యానికి కొలత ఆ గురకే.

ఇవాళ మాత్రం అది వింటుంటే ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. భర్తను గుండె ఆపరేషనుకు పొద్దున ఏడింటికి లోపలికి తీసుకెళ్ళారు. నాలుగు గంటలు పడుతుందన్నారు. మధ్యాహ్నం రెండయింది. తలుపు మీద ఎర్ర లైటు ఆరలేదు. నర్సు రెండుసార్లు పరుగులాంటి నడకతో బయటికొచ్చి, ఏమీ చెప్పకుండానే వెళ్ళిపోయింది. పక్క కుర్చీలో మామగారు షిఫ్టు అప్పగించేసి, గోడకు తల ఆనించి గురక పెడుతున్నాడు. ఎదుటి వరసలో వాళ్ళు ఆయన్ని చూసి మూతి తిప్పుకున్నారు. ఇంటి దగ్గర మనవరాలిని చూసుకుంటున్న అత్తగారు ఫోను చేసి, మీ మామయ్య ఏం చేస్తున్నారని అడిగింది. పడుకున్నారని చెబితే హమ్మయ్య అని పెట్టేసింది. కన్నకొడుకు కత్తి కింద ఉంటే ఇదేం నిద్ర అనుకుంది కోడలు.

లేపి నాలుగూ దులిపేద్దామని ఆయన వైపు తిరిగింది. అప్పుడు తెలిసింది తేడా. పదేళ్ళుగా వింటున్న గురకకు చివర సన్నటి ఈల ఉంటుంది. దీనికి లేదు. పైగా ఆ తలుపు చప్పుడైనప్పుడల్లా గురక ఆగి, మళ్ళీ మొదలవుతోంది. ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

"మామయ్యా, ఈల మర్చిపోయారు," అంది మెల్లగా.

ఆయన ఒక కన్ను తెరిచాడు. దొరికిపోయానని తెలిసి రెండోదీ తెరిచాడు.

"రెండు రోజులుగా నువ్వు రెప్ప వెయ్యలేదమ్మా. నేను పడుకున్నాననుకుంటే కాస్త నడుం వాలుస్తావని."

"మరి ఫ్యాక్టరీ మూసినప్పుడో?"

"నెల్లాళ్ళూ దొంగ గురకే. మీ అత్తయ్యే పొడిచి పొడిచి గట్టిగా పెట్టించేది, పక్క గదిలో పిల్లలు పడుకోవాలని. గోడ అవతలికి ఈల అక్కర్లేదు కదా."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. దేవుడికి అప్పగించారు కదా, మరి నిద్ర ఎందుకు రాలేదని అడిగింది.

"సంతకమైతే పెట్టాను," అన్నాడు. "కానీ ఇవాళ మీటరు మీంచి చూపు తిప్పుకోలేకపోతున్నానమ్మా."

ఆ మాటకు ఆమె భయం రెట్టింపైంది. పైకి ప్రార్థన చేయడం ఆమెకు అలవాటు లేదు. అయినా ఆ చేతులు రెండూ పట్టుకుని, "తండ్రీ, మా ఇద్దరి షిఫ్టూ అయిపోయింది. ఆయన్ని నీకే అప్పగించాం. ఇక మేం మీటరు చూడం," అంది. మధ్యలో ఎక్కడా ఆపలేదు. ఏడు గంటలుగా బిగపట్టిన ఊపిరి అప్పటికి వదిలింది. ఆమె కూడా గోడకు తల ఆనించింది.

ఎవరో భుజం తట్టారు. డాక్టరు. కుట్టిన చోట కాస్త చీలితే మళ్ళీ కుట్టాల్సి వచ్చిందనీ, అందుకే ఆలస్యమైందనీ, మనిషికి ఇక ఢోకా లేదనీ చెప్పాడు. ఆమె లేచి దణ్ణం పెట్టింది. పక్కన గురక చివర సన్నటి ఈల వినబడుతోంది. ఈ కబురు పెద్దాయనకూ చెబుదామని డాక్టరు అటు వంగితే, ఆమె చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"అయిదు నిమిషాలు ఉండనివ్వండి డాక్టరుగారూ. ఇది అసలుది."