తాళం వేసిన గదిలో వేలిముద్ర

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకం మారిందని చెప్పడానికి ఇది రాయడమూ లేదు. ముప్ఫై ఏళ్ళుగా అచ్చు యంత్రాలు బిగించి నడిపించే పని చేస్తున్నాను. కాగితం నలిగి బయటికి వస్తే లోపల ఎక్కడో ఒక రోలరు వంకరగా ఉన్నట్టు. ఆ రోలరు కనిపించేదాకా వెతకడమే నా వృత్తి. ఈ ఒక్క సంగతిలో మాత్రం ఆ రోలరు నాకు ఇంతవరకూ దొరకలేదు.

రోజూ డైరీ రాయడం నా అలవాటు. కింద ఉన్న తేదీలూ గంటలూ అందులోవే.

నేను మలేషియా పౌరుణ్ణి. పేరు అప్పారావు. మా తాత విజయనగరం వైపు నుంచి పేరక్ రాష్ట్రంలోని ఒక రబ్బరు తోటకు కూలీగా వెళ్ళాడు. వెంట వెళ్ళిన మా నాన్న సూర్యనారాయణకు అప్పుడు ఆరేళ్ళు. తోట రిజిస్టరులో తాత పేరు ఒక్కటే ఎక్కింది, ఇంటిపేరు ఎక్కలేదు. అప్పటినుంచి మా కుటుంబానికి ఇంటిపేరు లేదు. పెళ్ళి శుభలేఖల్లో ఇంటిపేరు ఉండవలసిన చోట మా తోట పేరు వేయించుకునేవాళ్ళం. అది లోటని ఎవరూ అనుకోలేదు. నా పాస్‌పోర్టులోనూ నా పేరు, నాన్న పేరు, అంతే.

2011 ఫిబ్రవరి 8న, యాభై ఒకటో ఏట, నారాయణగూడలోని ఒక ముద్రణాలయంలో కొత్త యంత్రం బిగించే పని మీద హైదరాబాదు వచ్చాను. ఒప్పందం రెండేళ్ళు, వీసా మాత్రం ఒక్క ఏడాది. అశోక్ నగర్‌లో ఒక మేడమీద గది కిరాయికి తీసుకున్నాను. కింద ఇంటావిడ రాజ్యలక్ష్మిగారు ఒక్కరే ఉండేవారు. కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. చుట్టుపక్కల మేడలన్నీ సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే కుర్రాళ్ళ హాస్టళ్ళు. పాత స్కూటరు ఒకటి కొని, మలేషియాలో తీసుకున్న అంతర్జాతీయ పర్మిట్ మీద ఏడాదిపాటు నడిపాను. ఇరానీ హోటలు దగ్గర ఆటోలు ఎటు తిరుగుతాయో ముందే పసిగట్టడం కూడా నేర్చుకున్నాను. ఆ ఏడాది నేను విదేశీయుణ్ణన్న సంగతి ఎవరూ గుర్తు చేయలేదు.

2012 జనవరి 23, సోమవారం, విదేశీయుల నమోదు కార్యాలయంలో వీసా పొడిగింపుకు దరఖాస్తు పెట్టాను. పాస్‌పోర్టు అక్కడే ఉంచుకుని ఒక చీటీ ఇచ్చారు. దరఖాస్తు పత్రం ఆ ఏడాది మారింది. అందులో ఇంటిపేరు గడి తప్పక నింపాలి. నేను చిన్న గీత పెట్టాను. గుమస్తా పత్రాన్ని వెనక్కి తోశాడు.

"ఇంటిపేరు లేకుండ తెలుగోడివెట్లయితవయ్యా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

గడి ఖాళీగా ఉంటే కనీసం స్థానిక విచారణ నివేదికలోనైనా కుటుంబ వివరాలు నిండుగా ఉండాలని, పోలీసు ఇంటికి వచ్చి చూసి రాస్తాడని చెప్పి పంపించాడు.

అశోక్ నగర్ మలుపులో స్వరూప అనే ఆవిడ జిరాక్స్ దుకాణం నడిపేది. హాస్టల్ కుర్రాళ్ళ దరఖాస్తులన్నీ ఆవిడే నింపేది. నా పత్రం చూసి నవ్వింది. "ఏదో ఒకటి రాయుండ్రి సార్. కావాల్నంటే మా ఇంటిపేరు రాసుకోండ్రి, దానికి కిరాయి అడగను" అంది. లేని పేరు రాయలేనన్నాను. "గిట్లయితే మీరు ఈడనే ఉంటరు, నాకేం, రోజు గిరాకీ" అంది.

ఆవిడ అన్నట్టే అయింది. ఫిబ్రవరి 7న వీసా గడువు ముగిసింది. మరునాటికి స్కూటరు పర్మిట్ కూడా చెల్లిపోయింది. ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు కావాలంటే నివాస పత్రం చూపాలి. నివాస పత్రం కావాలంటే పొడిగింపు రావాలి. పొడిగింపు రావాలంటే విచారణ జరగాలి. విచారణకు పోలీసు ఫిబ్రవరి 21న ఒకసారి, 28న ఒకసారి వచ్చాడట. రెండుసార్లూ నేను పనిలో ఉన్నాను. తలుపుకు తాళం చూసి వెళ్ళిపోయాడు.

స్కూటరు మీద గోనెసంచి కప్పి, నారాయణగూడకు నడిచి వెళ్ళడం మొదలుపెట్టాను. వంతెన కింద ట్రాఫిక్ పోలీసు కనిపిస్తే నడిచి వెళ్తున్నవాణ్ణి కూడా అవతలి పక్కకు దాటేవాణ్ణి. నేను చేసిన తప్పు ఏమీ లేదు. అయినా దాటేవాణ్ణి.

మార్చి 2, శుక్రవారం, మలేషియాలోని ఈపో నుంచి ఫోను వచ్చింది. మా అక్క నూకాలమ్మకు గుండె ఆపరేషన్ 19వ తేదీకి నిర్ణయించారు. నా మూడో ఏట అమ్మ పోతే నన్ను పెంచింది ఈ అక్కే. తానే ఫోను తీసుకుంది. "నువ్వొచ్చి నిలబడితేనే నాను లోపలికెళ్తాను తమ్ముడా, నేకపోతే ఎల్లను" అంది. అన్నమాట మీద నిలబడే మనిషి. ఆలస్యమైతే ప్రాణానికి పూచీ లేదని డాక్టరు చెప్పాడని మేనల్లుడు తర్వాత విడిగా చెప్పాడు.

పాస్‌పోర్టు లేనిదే విమానం లేదు. నివేదిక లేనిదే పాస్‌పోర్టు లేదు.

5, 6, 7 తేదీల్లో సెలవు పెట్టి గదిలోనే కూర్చున్నాను. పాలకు కూడా కిందికి దిగలేదు. పోలీసు రాలేదు. 8 హోలీ. హాస్టల్ కుర్రాళ్ళు పక్క మేడల మీద రంగులు చల్లుకుంటుంటే కిటికీ మూసుకుని ఆ రోజూ కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఆ నాలుగు రోజుల డైరీలో ఒకే వాక్యం ఉంది: "మెట్ల మీద చప్పుడు లేదు."

9, శుక్రవారం, యంత్రం మీద చివరి పరీక్ష. వెళ్ళక తప్పలేదు. ఉదయం 8.20కి గదికి తాళం వేశాను. ఆ తాళానికి ఉన్నది ఒకే తాళంచెవి. అది నా బెల్టుకు ఉంటుంది. 8.50కి ముద్రణాలయం హాజరు పట్టీలో సంతకం చేశాను. సాయంత్రం 6.10 దాకా అక్కడి నుంచి కదలలేదు. పదిమంది సాక్ష్యం ఉంది.

ఇంటికి వచ్చేసరికి రాజ్యలక్ష్మిగారు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు.

"మీ నాన్నగారు వచ్చారటగా, చెప్పనేలేదేం?" అన్నారు.

మా నాన్న 1996లో పోయాడు. ఎవరో పొరపాటు పడి ఉంటారన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. పదకొండు గంటల వేళ పోలీసాయన వచ్చాడని, పైకి వెళ్తుంటే కాఫీ ఇచ్చానని, కాసేపటికి అతను సగం మెట్లు దిగి వచ్చి పైన పెద్దాయన ఉన్నాడు, ఇంకో గ్లాసు ఇమ్మన్నాడని చెప్పారు. అరగంట మాటలు వినిపించాయట. వెళ్ళేటప్పుడు రెండు గ్లాసులూ ఖాళీగా తెచ్చి ఇచ్చాడట. మోకాళ్ళ నొప్పి వల్ల ఆవిడ పైకి ఎక్కి చూడలేదు.

పైకి వెళ్ళాను. తాళం నేను వేసినట్టే ఉంది. లోపల వస్తువు ఏదీ కదలలేదు. తలుపు వెనక కొక్కేనికి ఉన్న తువాలు మీద ఊదారంగు మరక ఒకటి కనిపించింది. హోలీ రంగు అనుకుని ఉతికేశాను. డైరీలో కూడా అలాగే రాసుకున్నాను. హోలీనాడు నేను కిటికీ అయినా తెరవలేదన్న సంగతి మూడు రోజుల తర్వాత గాని తట్టలేదు.

12, సోమవారం, పదోసారి ఆ కార్యాలయానికి వెళ్ళాను. గుమస్తా ముఖం ఆ రోజు ప్రసన్నంగా ఉంది. నివేదిక వచ్చిందని చెప్పి ఫైలు నా వైపు తిప్పాడు.

దరఖాస్తుదారు ఇంట లేడనీ, అతని తండ్రి, వయసు సుమారు అరవై అయిదు, తలుపు తీసి వివరాలు చెప్పాడనీ ఉంది. తండ్రి పేరు గడిలో "లెంక సూర్యనారాయణ" అని ఉంది. చదువు రాదు కనుక వేలిముద్ర తీసుకున్నట్టు రాసి, కింద ఊదా సిరాలో ఎడమ బొటనవేలి ముద్ర ఉంది.

ముద్రకు అడ్డంగా, పైన ఎడమ నుంచి కింద కుడికి, సిరా అంటని సన్నని గీత ఒకటి ఉంది.

మా నాన్న తోటలో లారీ నడిపేవాడు. అంతకుముందు కుర్రతనంలో పాల కోసం రబ్బరు చెట్లు గీసేవాడు. గీత కత్తి జారి ఎడమ బొటనవేలు తెగి, అడ్డంగా మచ్చ మిగిలింది. ఆ మచ్చ సంగతి హైదరాబాదులో నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ ఎన్నడూ రాలేదు.

"ఈ ముద్ర మీ నాయనదే గద?" అని గుమస్తా అడిగాడు. అవునంటే కింద సంతకం చేయాలి. కాదంటే విచారణ మళ్ళీ మొదటి నుంచి.

లేని ఇంటిపేరు ఒక్కటి రాయనని ఏడు వారాలు మొండికేసినవాణ్ణి. చనిపోయిన మనిషి వాంగ్మూలం కింద నా సంతకం. అక్క ఆపరేషన్‌కు ఏడు రోజులే ఉంది. ఆ ముద్రను ఎంతసేపు చూశానో చెప్పలేను. గంటలు రాసుకునేవాణ్ణి, ఆ సమయం మాత్రం రాసుకోలేదు.

"అవును" అన్నాను. సంతకం చేశాను. అక్క కోసం అబద్ధం ఆడానని చెప్పుకుంటే మనసు తేలికపడేది. ఆ క్షణంలో అది అబద్ధమని నాకు అనిపించలేదు. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది అదే.

నివేదిక నకలు ఒకటి అడిగి తీసుకున్నాను. ఆ సాయంత్రమే పోలీసు స్టేషన్‌కు వెళ్ళి విచారణకు వచ్చిన కానిస్టేబుల్‌ను కలిశాను. పేరు నరసింహ, నలభై ఏళ్ళ మనిషి. నిజం చెబితే నివేదిక చెల్లదు. అందుకని మా నాన్న ఎలా ఉన్నాడని అడగవలసి వచ్చింది.

అతను ఆశ్చర్యపోలేదు. పనిలో పడి ఇంటి పెద్దను పట్టించుకోని కొడుకుననుకున్నాడు. "మంచిగనే ఉన్నడు సార్. పెద్ద మనిషిని గట్ల ఒక్కణ్ణి ఇడిసిపెట్టి పోతరా? తాళం ఏసిలేదు, తలుపు దగ్గరకేసి ఉండె. పిలిస్తే తనే తీసిండు. మస్తు ముచ్చట్లు చెప్పిండు. నీకు బండి నేర్పింది తనేనట. రెండు వేళ్ళు ఎప్పటికి బ్రేకు మీదనే పెట్టి తోలుతడు, గదొక్కటే నాకు ధైర్యం అన్నడు."

ముద్ర వేశాక వేలు దేనితో తుడుచుకున్నాడని అడిగాను. "తలుపు ఎనక తువాల ఉండె గద" అన్నాడు.

పాస్‌పోర్టు 15న చేతికి వచ్చింది. 16న విమానం ఎక్కాను. అక్క నన్ను చూసి, ముక్కుపుడక తీసి కోడలి చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళింది. ఆపరేషన్ బాగా జరిగింది. ఆపరేషన్ అయిన పదో రోజున, సంగతి అంతా చెప్పకుండా, మన ఇంటిపేరు ఏమిటని అడిగాను. తెలియదంది. నాన్న మొదట్లో చెప్పేవాడట. పౌరసత్వం కోసం ఆఫీసుకు వెళ్ళినప్పుడల్లా తోట రిజిస్టరులో లేని పేరు చెబుతున్నాడని, ఇతను వేరే మనిషని తిప్పి పంపేవారట. దాంతో ఆ పేరు ఎత్తడమే మానేశాడు. అక్క పుట్టేనాటికి ఇంట్లో ఆ మాట లేదు.

నాన్నకు పౌరసత్వం చివరిదాకా రాలేదు. పౌరులకు అక్కడ నీలం కార్డు, కానివారికి ఎర్ర కార్డు. నాన్న ఎర్ర కార్డుతోనే పోయాడు. అక్క దాన్ని చీర మడతలో దాచింది. ఆ కార్డు మీద బొటనవేలి ముద్ర ఉంది. నా దగ్గరున్న నకలు దాని పక్కన పెట్టాను. గీత అదే వాలులో, అదే చోట ఉంది. నేను వేలిముద్రల నిపుణుణ్ణి కాను. అచ్చులో రెండు ప్రతులు ఒకే పలక నుంచి వచ్చాయో లేదో చూసి చెప్పడం మాత్రం నా పని.

సాధ్యమైన కారణాలన్నీ రాసుకున్నాను. కానిస్టేబుల్ పైకి ఎక్కకుండానే నివేదిక రాసి ఉండవచ్చు. అయితే రెండు గ్లాసులు ఎవరు తాగినట్టు? పక్క మేడ ముసలాయన ఎవరైనా వచ్చి ఉండవచ్చు. పక్క మేడలన్నీ హాస్టళ్ళు, అక్కడ ముప్ఫై దాటినవాడు లేడు. తాళం వేయడం నేను మరిచిపోయి ఉండవచ్చు. వేసి ఉన్న తాళాన్ని సాయంత్రం తీసింది నేనే. ఇవన్నీ కొట్టేసినా, బొటనవేలు మిగులుతుంది.

తిరిగి వచ్చాక జూన్ 20న లైసెన్సు పరీక్షకు వెళ్ళాను. ఇన్‌స్పెక్టర్ బ్రేకు మీదున్న నా రెండు వేళ్ళ వైపు చూసి, బండి ఎవరు నేర్పారని అడిగాడు. మా నాన్న అన్నాను. కార్డు మీద తండ్రి పేరు లెంక సూర్యనారాయణ అని అచ్చయి వచ్చింది. మార్చమని నేను అడగలేదు.

యాభై ఏళ్ళు అక్కడి కౌంటర్ల ముందు నిలబడి, తానెవరో రుజువు చేసుకోలేక వెనక్కి వచ్చిన మనిషి ఆయన. ఇక్కడ ఒక సర్కారు ఫైలులో మాత్రం, ఇంటిపేరుతో సహా, అశోక్ నగర్ నివాసి. విచారణలో సరియని తేలింది. దానికి సాక్షి సంతకం నాదే. ఎలా జరిగిందని అడిగితే, నాకు తెలియదు.