తనిఖీకి వచ్చిన అక్షరాల టీచరు

ఇరవై రెండేళ్లు ఒకటో తరగతి చెప్పినావిడ. అందరూ ఆవిణ్ణి అక్షరాల టీచరు అనేవారు. ఏ బిడ్డ నోట్లో ఏ అక్షరం ఇరుక్కుందో పెదవుల కదలిక చూసి పట్టేసేది. అంత బాగా చెబుతున్నందుకు ప్రభుత్వం బహుమానం ఇచ్చింది: పిల్లల దగ్గర్నుంచి తీసి, తనిఖీ అధికారిని చేసింది. జీతం పెరగడానికి వేరే దారి లేదు.

"బాగా వండుతున్నావు గనక ఇకమీదట గరిట ముట్టుకోకు, వంటింటి తాళాలు చూసుకో అన్నట్టుంది," అన్నాడు భర్త. ఆవిడ నవ్వేసి సంతకం పెట్టింది.

మూడేళ్ల తరవాత తన పాత గదికే తనిఖీకి వెళ్లింది. కిటికీలోంచి ఎండ అదే బెంచీ మీద వాలి ఉంది. ఒకప్పుడు పిచ్చుకల గూడులా ఉండే గదిలో పిల్లలు బిగుసుకుని కూర్చున్నారు. కొత్త టీచరు ఏడాది ఒప్పందం మీద వచ్చిన అమ్మాయి. పాఠం ఎలా చెప్పాలో ఆమెకెవరూ చూపించలేదు.

రెండు జడల పాప లేచి పాఠం గడగడా చదివింది. చూపు మాత్రం పేజీలో పైనున్న బొమ్మను వదల్లేదు. ఆవిడ వెళ్లి పాప పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో బొమ్మ మూసింది.

"ఏదీ బంగారూ, ఇప్పుడు చదువు."

పాప ఆ చేతి వంకే చూసింది. "ఆవు కనబడట్లేదు కదండీ."

క్లాసంతా నవ్వింది. కొత్త టీచరు మొహం పాలిపోయింది.

"నిన్న బాగానే చదివింది మేడమ్. అది రాయకండి, నా ఒప్పందం పోతుంది."

"రాసే సంగతి తరవాత. ఇలా రామ్మా, పక్కన కూర్చో. ఎలా చెప్పాలో చూపిస్తాను."

అమ్మాయి కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడి, ప్రతి మాటకీ "అలాగే మేడమ్" అంది. భయపడ్డ చెవికి పాఠం ఎక్కదని ఆవిడ ఈ గదిలోనే నేర్చుకుంది. తోటి టీచరుగా పక్క గదిలో ఉండి ఉంటే నెలరోజుల్లో ఈ అమ్మాయిని దారిలో పెట్టేది. ఇప్పుడు చేతిలో ఉన్నవి పది నిమిషాలు. సాయంత్రంలోగా ఇంకా నాలుగు బడులు చూడాలి.

తనిఖీ కాగితంలో రెండే గళ్లు: తృప్తికరం, తృప్తికరం కాదు. కాదంటే అమ్మాయి పోతుంది, ఏడాది చివరిదాకా గదికి టీచరుండదు. తృప్తికరమంటే సాయం చెయ్యడానికి ఎవరూ రారు, పాప చదవడం రాకుండానే రెండో తరగతికి వెళ్లిపోతుంది. నేర్పించాలి అని రాయడానికి గడి లేదు.

మొదటి గడిలో టిక్కు పెట్టింది.

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీ మేలు మర్చిపోను మేడమ్."

"మేలు కాదులేమ్మా," అంది ఆవిడ, ఆ అమ్మాయికి వినబడనంత మెల్లగా, ఫైలు మూస్తూ.