పద్నాలుగు కుర్చీల న్యాయం

మొన్న పొద్దున చిక్కడపల్లి లైబ్రరీ గేటు తీయకముందే సంచులు బారుగా వరసలో ఉన్నాయి. మనుషులు కాదు, సంచులు. వాటి తాలూకు పిల్లలు ఎదురుగా చాయ్ తాగుతున్నారు. ఎవరో ఒక సంచిని కాలితో పక్కకు నెట్టేసరికి, "లైన్ల పెట్టిన బ్యాగ్‌ను జరుపుతరా అన్నా? ఇదేం న్యాయం?" అని ఒకమ్మాయి నిలదీసింది. ఆ మాటతో నాకు పెదనాన్న గుర్తొచ్చి, ఆఫీసుకు ఆలస్యమవుతున్నా కాళ్ళు కదల్లేదు.

పెదనాన్న నారాయణగూడలో ఓ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. అశోక్‌నగర్ ఇంట్లో ముందు హాల్లో పద్నాలుగు కుర్చీలు వేయించి, గ్రూప్స్ పరీక్షలకు చదివే ఆడపిల్లలకు ఊరికే ఇచ్చేశారు. "మనకి కూర్చోడానికి దిక్కు లేదు గానీ, లోకానికి న్యాయం చేస్తారట" అని పెద్దమ్మ సణిగేది. సణుగుతూనే అందరికీ మజ్జిగ కలిపి పంపేది. నేనూ ఆ ఇంట్లోనే ఉండి ఆ పరీక్షలకే చదివేదాన్ని, వంటింటి గడప మీద. ఇంటి పిల్లయినా తన వంతు వచ్చేదాకా ఆగాల్సిందేనని పెదనాన్న పట్టు. నాకు ఒళ్ళు మండేది.

కుర్చీల కోసం కీచులాటలు మొదలయ్యాక ఆయన అందరినీ పిలిచి, "రేపు మీలో ఎవరి బతుకు ఎలా ఉంటుందో తెలియదనుకోండి. అప్పుడు ఏ నియమం పెట్టుకుంటారు?" అన్నారు. రెండు రోజులు వాదించుకుని తేల్చాం. పొద్దున తొమ్మిదికల్లా రావాలి. వరసగా మూడు రోజులు ఆలస్యమైతే ఆ కుర్చీ, చోటు కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితాలో తర్వాతి మనిషిది. అందరం చేతులెత్తాం. పెదనాన్న మురిసిపోయారు.

మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒకామె ఉండేది, మేమంతా అక్కా అనేవాళ్ళం. వయసు పరిమితి దాటిపోతోంది, ఆమెకు అదే ఆఖరి పరీక్ష. ఆ వానాకాలంలో వాళ్ళ నాన్న మంచాన పడ్డాడు. హాస్టల్ కిరాయి కోసం ఆమె పొద్దుటిపూట టిఫిన్ సెంటర్లో పనికి కుదిరింది. పదకొండుకు గాని రాలేకపోయేది. నాలుగో రోజు వచ్చేసరికి ఆ కుర్చీలో నేనున్నాను. జాబితాలో తర్వాతి పేరు నాదే.

ఆమె తన పుస్తకాలు తీసుకుని వెళ్ళిపోయింది. హాస్టల్ గదిలో ఆరుగురని, అక్కడ చదువు సాగదని మాకందరికీ తెలుసు. వారం తిరక్కుండానే పెదనాన్న మనసాగక, నన్ను వెంటబెట్టుకుని టిఫిన్ సెంటర్‌కు వెళ్ళారు.

"నియమం మార్చేద్దాం, రామ్మా" అన్నారు.

"నా ఒక్కదాని కోసం ఎందుకు సార్? నేను గూడ చెయ్యెత్తిన గద" అంది ఆమె, చేతుల్లో ఎంగిలి ప్లేట్లతో. "నాకే గిట్లయితదని తెల్వకపాయె, అంతే."

నేను ఆయన వెనకాలే నిలబడ్డాను.

ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "ఎంత తెలివితక్కువవాణ్ణి! తెలియదనుకోండి అన్నాను. తెలిశాక ఏం చెయ్యాలో చెప్పలేదు" అన్నారు.

ఆమె ఆ పరీక్ష తప్పింది. నేను గట్టెక్కాను. ఇంటర్వ్యూలో న్యాయం గురించి అడిగితే పెదనాన్న మాటలే గడగడా అప్పజెప్పి మెప్పు పొందాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నియమం ప్రకారం నేను చేసినదాంట్లో తప్పేమీ లేదు. లేచి ఆమెకు చోటిచ్చినా ఎవరూ కాదనేవారు కాదు. అప్పటికి నాకు ఇరవై మూడు, ముందు బోలెడన్ని ఏళ్ళున్నాయి. ఆమెకు మిగిలినవి నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ నేను కూర్చునే ఉన్నాను.