పెద్దమ్మ నుదుటి తెల్ల బొట్టు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. మా అవ్వ కొత్త హవాయి చెప్పులను వీధికుక్క ఎత్తుకుపోలేదు. తీసింది నేనే. ఆ రోజుల్లో నాకు పదిహేడేళ్లు. నోరు తెరిచి అడగాల్సిన దాన్ని అడక్కుండా చేసేయడమే ధైర్యమనుకునే వయసు. (నెల రోజులు ఆ కుక్కకు మా ఇంట్లో రొట్టె బంద్. నా వాటాలోంచి దొంగతనంగా పెట్టేదాన్ని, క్షమాపణతో సహా.)

తప్పు మొదలైంది మా ఊరి దాజీ పేట వాచనాలయంలో, అదే, లైబ్రరీలో. పాత జపాను పుస్తకాల గురించి ఒక మరాఠీ పుస్తకం దొరికింది. కట్టె దిమ్మల మీద చెక్కి అచ్చువేసిన పుస్తకాలట. పేజీకొక కవి బొమ్మ, పైన ఆ కవి కట్టిన కొంటె పద్యం. ఆ కవులందరూ నవ్వొచ్చే మారుపేర్లు పెట్టుకుని, ఒకచోట చేరి ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్లట. వీళ్లను నేను రోజూ చూస్తున్నాను కదా అనిపించింది. నీలం నగర్‌లో మా అరుగు మీద, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టే మా అవ్వ, పక్కింటి మాటల పెద్దమ్మ, ఆకు కత్తిరిస్తూనే కునుకు తీసే నిద్ర చిన్నమ్మ. పెద్దమ్మ నోటికొచ్చినట్టు పాటలు కట్టేది, నేను తలుపు వెనక నిలబడి డైరీలో రాసుకునేదాన్ని. "ఏందే మూగీ, మాట్లాడితే ముత్యాలు రాల్తయా?" అని ఆమె అడిగితే లోపలికి పారిపోయేదాన్ని. ఆమె పక్కింటికొచ్చిన మూడేళ్లలో ఆమెతో ఒక్క మాట నేరుగా మాట్లాడి ఎరగను.

అలాంటి పెద్దమ్మ భివండీకి వెళ్లిపోతోందని తెలిసింది. కొడుక్కి అక్కడ మగ్గాల పని దొరికింది, వారంలో ప్రయాణం. ఉండమని చెప్పే నోరు నాకెలాగూ లేదు. కనీసం ఒక జపాను పుస్తకమైనా చేసిస్తే నా మాట ఆమెకు చేరుతుందనుకున్నాను. కట్టె మీద చెక్కబోతే బ్లేడు విరిగి వేలు తెగింది. అప్పుడే గడప ముందు మెత్తగా, చదునుగా అవ్వ చెప్పులు కనిపించాయి. (పాతవి తీసుకోవచ్చు కదా అంటారేమో. అరిగిన రబ్బరు మీద చెక్కిన ముక్కు నిలవదు.) పట్టీలు పీకేసి, ఒకదాని మీద పెద్దమ్మను, రెండోదాని మీద అవ్వను, దాని మడమ మీద చిన్నమ్మను చెక్కాను. మగ్గాల నూలుకు వేసే నీలిరంగులో గంజి కలిపి కాగితాల మీద అద్దాను. వేళ్ల దగ్గర పట్టీ దూరే రంధ్రం పెద్దమ్మ నుదుటి మీదికి వచ్చేలా చూసుకున్నాను. అచ్చులో అది గుండ్రంగా తెల్లగా, అచ్చం బొట్టులా పడింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ప్రయాణం రోజు పుస్తకాన్ని అరుగు మీద పెట్టి తలుపు వెనక్కి వెళ్లాను. ముందు అవ్వ అందుకుంది.

"అగో, నేను ఎడమచేత్తో బీడీ చేస్తున్ననేందే?"

అచ్చులో బొమ్మ తిరగబడుతుందన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు!

"అందరం ఎడమచేతి వాటమే అయితిమి," అంది చిన్నమ్మ, పూర్తిగా మేలుకుని. "కార్ఖానాల బీడీలు పరీక్ష చేసే చెక్కర్ చూస్తే కట్టలన్ని పారేస్తడు!"

పెద్దమ్మ పుస్తకం లాక్కుంది. తన పేజీ మీద నేను రాసిన తన పాటనే కూడబలుక్కుని చదివింది:

"మిషనోలె మాటలాడ్త, మిషనోలె బీడీ చుడ్త,
చెక్కరొచ్చి ఛీ అంటే చాట నెత్తిన బోర్లిస్త!"

"ఇది నేనెప్పుడన్న?" అంది. "అని మర్చిపోయిన. ఈ మూగి దాచి పెట్టింది సూడు." తర్వాత ఆ తెల్ల బొట్టు మీద వేలు పెట్టి, చాలాసేపు అక్కడే ఉంచింది. "దేని మీద చెక్కినవ్ బిడ్డా?" అని అవ్వ అడిగితే, "కట్టె మీద," అన్నాను. అందరి ముందు నేను గట్టిగా పలికిన మొదటి మాట, అదీ అబద్ధమే.

ఇప్పుడు నేను బడిలో పిల్లలకు బంగాళాదుంపల మీద బొమ్మలు చెక్కి అచ్చువేయడం నేర్పిస్తున్నాను. చెక్కేముందు బొమ్మను అద్దంలో చూసుకోమని గట్టిగానే చెబుతాను. అప్పుడల్లా తలుపు వెనక నిలబడ్డ ఆ పిల్ల మీద జాలీ, నవ్వూ కలిసే వస్తాయి.

ఆ రోజు ఆటో కదలబోతుంటే పెద్దమ్మ నన్ను చెయ్యి ఊపి పిలిచింది. మొదటిసారి పారిపోకుండా వెళ్లాను. పుస్తకాన్ని రొమ్ముకు అదుముకుని, నా చెవి దగ్గరికి వంగి, మెల్లగా అంది:

"ఆ కుక్కను తిట్టొద్దని మీ అవ్వకు చెప్పే."