ముఖం తిప్పుకున్న పెద్దకోడలు

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పడం నా ఉద్యోగం. నవలలో అత్త ఎందుకలా మాట్లాడింది, కోడలు ఎందుకు నోరు మెదపలేదు అని పాత్రల మనసులు విప్పి చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరని కొంచెం పొగరు కూడా ఉండేది. ఆ పొగరుతోనే ఇద్దరు తోడికోడళ్ళ కథ రాశాను.

కథలో చిన్నకోడలు పాపకు అన్నం తినిపించినప్పుడల్లా, పిల్లల్లేని పెద్దకోడలు ముఖం గోడవైపు తిప్పుకుంటుంది. కడుపుమంట అని రాశాను. అందులో నేను కల్పించిందేమీ లేదు. ఐరాలలో ఉండే మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, నా కూతురు ఉగ్గు తినే రోజుల నుంచీ చేసింది అదే. పేర్లు మార్చాను, ఊరు మార్చాను, ఇక ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

ఆదివారం అనుబంధంలో కథ అచ్చయింది. మధ్యాహ్నానికి మా ఆయన, "వదిన సదివిందంట, అన్న చెప్పినాడు" అన్నాడు. ఇంకేమన్నా అన్నదా అంటే తెలీదన్నాడు. అక్కకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేసే ధైర్యం లేకపోయింది.

వచ్చే ఆదివారం మామగారి తద్దినం. కోడళ్ళిద్దరం కలిసి వండాలి. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. నా పురుడప్పుడు నెలరోజులు నీళ్ళు కాచిపోసింది ఆమే. అది మాత్రం కథలో రాయలేదు, రాస్తే కథ చెడిపోతుందని. ఇప్పుడు ఆమె నన్ను వద్దనుకుంటే ఆ ఇంట్లో నాకు ఎవరున్నారు?

తద్దినం నాడు పొద్దున వంటింట్లో అక్కా నేనూ ఎదురెదురుగా కూర్చుని, పప్పుకోసం నానిన అనపగింజల పొట్టు వొలుస్తున్నాం. గిన్నె సగం నిండింది.

"కత సదివినాను," అంది తలెత్తకుండా. "బాగానే రాసినావు. అయితే ఆ పెద్దామె ఎందుకు మొగం తిప్పుకుంటాదో నీకు తెలిసినట్టు లేదే."

"ఎందుకక్కా?" అన్నాను.

"పిల్లల్లేనోళ్ళ సూపు మంచిది కాదు, బిడ్డ తినేటప్పుడు సూస్తే దిష్టి తగులుతాదని అత్త అనింటాది. కతలో అత్తను పెట్టినావు కదా. ఆ బిడ్డకేమన్నా అయితే ఆ యమ్మ యాడ తట్టుకుంటాది? అందుకే తిప్పుకుంటాది."

ఆమె కథలో మనిషి గురించే చెప్పింది. నేనూ కథలో మనిషి గురించే విన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"మార్చి రాస్తానక్కా."

"అచ్చయిపోయినాక ఇంకేం మారుస్తావులే," అని ఇంకో గుప్పెడు గింజలు తీసుకుంది.

మధ్యాహ్నం నా కూతురు విస్తరి ముందు కూర్చుంది. ఇరవై ఏళ్ళ పిల్ల. అక్క వడ్డించి, అలవాటుగా లోపలికి వెళ్ళబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఈడే కూర్చో అక్కా. అది తింటా ఉంటే సూడు."

కూర్చుంది. పిల్ల తిని విస్తరి మడిచేదాకా ఆమె నేల మీద నుంచి కళ్ళు ఎత్తలేదు.