మునెమ్మక్క పదో సూది

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. కండక్టరు పని అంటే టికెట్లు చింపడమే అనుకునేవాళ్ళు మునెమ్మక్క సంగతి వినాలి.

అది 1946. యుద్ధం అయిపోయినా పెట్రోలు కరువు తీరలేదు. మా బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. వెనక పీపాలాంటి పొయ్యిలో బొగ్గు రాజేస్తే, దాన్నుంచి వచ్చే గ్యాసుతో ఇంజను తిరిగేది. నేను చిత్తూరు - కార్వేటినగరం రూట్లో ఉండేవాణ్ణి. చిత్తూరికి ఎనిమిది మైళ్ళ అవతల, నీళ్ళు పారే ఒక వంక దగ్గర మునెమ్మక్క ఎక్కేది. బట్టలుతికే మనిషి. ఆమెను పిచ్చికుక్క కరిచింది. ఆ రోజుల్లో దానికి పెద్దాసుపత్రిలో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేసేవాళ్ళు, రోజుకొకటి. మధ్యలో మానితే ప్రాణానికే ముప్పని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమెకు కుక్క కన్నా సూదంటేనే భయం. రోజూ బతిమాలి, కసిరి ఎక్కించుకునేవాణ్ణి.

తొమ్మిదో సూది అయిన సాయంత్రం బస్సు దిగుతూ అడిగింది. "రేపు ఇదే టయానికి వస్తావా నాయనా?"

"వస్తాలే అక్కా," అన్నాను.

రానని నాకు తెలుసు. బ్రేకులు సరిగా లేని బండి తోలనన్నందుకు ఒక డ్రైవరును యజమాని పనిలోంచి తీసేశాడు. తెల్లారితే స్ట్రైకు. ముందే పొక్కితే యజమాని వేరే డ్రైవర్లను తెచ్చుకుంటాడని, ఎవరికీ చెప్పకూడదని అందరం దీపం ఆర్పి ప్రమాణం చేసుకున్నాం.

పొద్దున బస్సులన్నీ షెడ్డులోనే ఆగిపోయాయి. నా మనసు మాత్రం వంక దగ్గరే ఉంది. ఆగలేక జట్కా స్టాండుకు పోయాను. అక్కడ ఖాదర్ సాయబు ఉన్నాడు. రోజూ ఆయన గుర్రం వెనకే వచ్చి హారను మోగించి బెదరగొట్టేది మా బస్సే.

"ఏమప్పా కండక్టరు దొరా! హారను యాడ పెట్టి వచ్చినావు?" అన్నాడు.

"తప్పయిపోయింది సాయబన్నా. ఒక మనిషి ప్రాణం..." అంటూ ఉన్నదంతా చెప్పేశాను.

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "మీ బస్సు వచ్చినాక పని లేక నా గుర్రం నాకన్నా ముందే ముసిలిదైపోయింది. సరే, ఎక్కు. దానికి ఉలవలు మాత్రం నువ్వే ఉడకబెట్టి పెట్టాల."

మేం పోయేసరికి మునెమ్మక్క వంకలో హుషారుగా బట్టలు బాదుతోంది.

"స్ట్రైకంట కదా! దేముడే దయ తలిచినాడు. మీకు స్ట్రైకయితే నా పొట్టకీ స్ట్రైకే. గాయం మానిపోయిండాది, సూడు."

"పైన మానిండాది అక్కా. లోపలి విషం మాటేంది?"

ఆమె చెయ్యి ఆగింది. "అవునూ, బస్సు రాదని నిన్న నీకు తెలీదా?"

"తెలుసు. ప్రమాణం చేసినామని చెప్పలేదు. నీకేమన్నా అయితే నేను మళ్ళా విజిలు నోట్లో పెట్టలేనక్కా."

నన్ను ఎగాదిగా చూసింది. "చెప్పింటే రాత్రికే యాడన్నా దాక్కోనింటాను కదరా! ఈ ఏడుపు మొగం చూసినాక ఇంక యాడికి పోయేది? పద."

ఆసుపత్రిలో కాంపౌండరు, అంటే మందులు కలిపిచ్చే ఆయన, గదికి తాళం పెడుతున్నాడు. కాళ్ళావేళ్ళా పడి తెరిపించాను. పదో సూది పడింది. కుక్కనూ, యజమానినీ, నన్నూ కలిపి ఆమె తిట్టిన తిట్లు గేటు దాకా వినిపించాయి. నా చెవులకు అవి ఎంత చల్లగా ఉన్నాయో చెప్పలేను.

మిగిలిన నాలుగు రోజులూ ఆమెను చిత్తూరులో మా ఇంట్లోనే పెట్టుకున్నాం. నా భార్య అందరికీ సంగటి కెలుకుతూ, "ఈ ఇంట్లో స్ట్రైకు చేయంది నేనొక్కదాన్నే," అనేది. పద్నాలుగో సూదీ అయింది. మునెమ్మక్క బతికింది. స్ట్రైకు మొదలైన ఆరో రోజుకు ఆ డ్రైవరును తిరిగి పనిలోకి తీసుకున్నారు, బస్సులు కదిలాయి.

మళ్ళీ ఒకసారి స్ట్రైకు మాట వచ్చినప్పుడు నేను లేచి నిలబడ్డాను. "దారిలో చెయ్యెత్తేవాళ్ళకు ముందురోజే చెప్పాల," అన్నాను.

"చెబితే యజమానికి తెలిసిపోతాది కదప్పా!" అన్నారెవరో.

"తెలిస్తే తెలియనీ."

ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తమన్నారు. అందరికన్నా ముందు చెయ్యెత్తింది, అప్పుడు పని పోయి తిరిగొచ్చిన డ్రైవరే.

మీ గడప దాటినవాళ్ళంతా చల్లగా పోయి, వేళకు ఇల్లు చేరాల. మీ పొయ్యి మీద కుండ ఎప్పుడూ నిండుగా ఉడకాల.